కుక్క ఇంట్లో వస్తువులు నోట కరచుకుని ఎందుకు తిరుగుతుంది?

మీ రెండేళ్ల లాబ్రడార్ చెప్పులు, టవల్, టీవీ రిమోట్, ఏది అందితే అది నోట కరచుకుని ఇల్లంతా తిరుగుతుందని, అయితే దేన్నీ కొరకదని రాశారు. ఆ కొరక్కపోవడంలోనే మీ ప్రశ్నకి సగం జవాబు ఉంది.

లాబ్రడార్ల పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల దగ్గర పనిచేసిన కుక్కలు. 19వ శతాబ్దంలో అవి బ్రిటన్ చేరాక, వేటగాళ్లు తుపాకీతో కొట్టిన పక్షుల్ని తెచ్చిచ్చే పనికి వాటిని తయారుచేశారు. పక్షికి పన్ను దిగకుండా తెచ్చేవాటినే ఎంచి, వాటికే పిల్లలు పుట్టించారు. 1903లో కుక్కల జాతుల్ని నమోదు చేసే అక్కడి సంస్థ కెన్నెల్ క్లబ్ లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. వేటలో వెంటాడడం, పట్టడం, చంపడం, తినడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. లాబ్రడార్లకి పట్టి తేవడం దగ్గరే ఆ కోరిక తీరిపోతుంది. ఫ్లాట్‌లో పక్షులెక్కడివి, అందుకే చెప్పు తెస్తుంది.

మా రోజీ కూడా లాబ్రడారే. మేం మల్కాజిగిరిలో ఉంటాం. మావారి బండి చప్పుడు వినిపిస్తే చాలు, ఏదో ఒకటి వెతికి నోట్లో పెట్టుకున్నాకే తలుపు దగ్గరికి వస్తుంది. సంతోషం పట్టలేనప్పుడు నోట్లో ఏదైనా ఉంటే కుక్క కాస్త కుదురుగా ఉంటుంది. మొరగడం, మీద ఎగరడం తగ్గుతాయి. అందుకే దాని తాడు బొమ్మను తలుపు పక్కనే ఉంచుతున్నాం. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అది మీద పడుతుందేమో అని భయపడేవారు. ఇప్పుడు ఆవిడకి ఆ టెన్షన్ లేదు.

అది ఏ వస్తువు ఎంచుకుంటుందో కూడా గమనించండి. మా ఇంట్లో ఉతికి మడతపెట్టిన బట్టల జోలికి పోదు. విడిచిన నైటీ, సాక్సులు, చెప్పులే కావాలి. వాసన పట్టే కణాలు మనిషి ముక్కులో సుమారు 50-60 లక్షలుంటే, కుక్కకి 20-30 కోట్ల దాకా ఉంటాయి. చెమట పట్టిన బట్ట దగ్గరుంటే దానికి ఆ మనిషి పక్కనున్నట్టే. మా పెద్దమ్మాయి వరంగల్ హాస్టల్‌కి వెళ్లాక, రోజీ ఆమె పాత చున్నీ లాక్కొచ్చుకుని దాని మీద తల పెట్టి పడుకునేది. ఒక్క పోగు కూడా చింపలేదు. ఆ చున్నీని నేను ఉతకలేదు, దానికే వదిలేశాను.

పళ్లు రావడం మీ కుక్క విషయంలో కారణం కాదు. అది నాలుగో నెల నుంచి ఆరేడు నెలల్లోపు పిల్లల సంగతి, అవి కొరుకుతాయి కూడా.

మీది ఆడకుక్కా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదా? అయితే ఇంకో కారణం చూసుకోవాలి. ఎద అయిన నెలన్నర, రెండు నెలలకి కొన్ని కుక్కలకి కడుపు లేకపోయినా ఉన్నట్టే ఒంట్లో మార్పులు వస్తాయి. రోజీకి వచ్చాయి. మా చిన్నవాడి చెప్పులు మంచం కిందికి చేర్చి, పొట్టకి ఆనించుకుని పిల్లల్ని నాకినట్టు నాకేది. దగ్గరికి వెళితే గుర్రుమనేది. చన్నులు ఉబ్బి పాలు కూడా వచ్చాయి. పిండితే ఇంకా ఊరతాయి, ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పారు. కొన్ని వారాలకి అదే తగ్గింది. పూర్తిగా తగ్గాకే ఆపరేషన్ చేయాలన్నారు, అలాగే చేయించాం. ఆ రోజుల్లో దాన్ని చూస్తే నాకు చాలా జాలేసేది.

ఏ కారణమైనా సరే, నోట్లోది మాత్రం లాక్కోవద్దు. వెంటపడితే దానికి అదొక ఆట అయిపోతుంది. అరిచి గుంజుకుంటే దాచుకోవడమో, గబుక్కున మింగేయడమో నేర్చుకుంటుంది. ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్ ముక్క చూపించి "ఇచ్చెయ్" అనండి. వదిలాక ముక్క పెట్టండి. ప్రమాదం లేని వస్తువైతే మళ్లీ దానికే ఇచ్చేయండి. చాలామంది ఇది చేయరు. ఇచ్చింది తిరిగొస్తుందని తెలిసిన కుక్క దేన్నీ దాచుకోదు. దాంతోపాటు పొద్దున్నే ఎండ ఎక్కకముందు బంతి విసిరి తెప్పించండి. తెచ్చే పని దొరికితే ఇంట్లో వెతుకులాట తగ్గుతుంది.

సాక్సులు, మామిడి టెంకలు, గింజలు తిన్నాక మిగిలే మొక్కజొన్న కంకులు మాత్రం కింద ఉంచకండి. మింగితే పేగులో అడ్డం పడతాయి. వాంతులు అవుతున్నా, తిండి మానేసినా, దొడ్డికి రాకపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కుక్కకి విషం, అట్టలు కూడా అందనివ్వొద్దు. రిమోట్ అన్నారు కాబట్టి ఇంకో మాట. ఇన్నాళ్లూ కొరకలేదని నమ్మకంగా వదిలేయకండి. లోపలి బ్యాటరీకి పన్ను దిగితే నోరు, గొంతు కాలిపోతాయి. దాన్ని ఈరోజే పైన ఎక్కడైనా పెట్టేయండి.