కష్టం మా బావది ఎక్కువ, డబ్బు నా దగ్గర ఎక్కువ

"కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు, పేదవాళ్ళు పేదవాళ్ళుగా ఉండిపోతున్నారంటే సరిగ్గా కష్టపడకపోవడం వల్లే అని మా ఆఫీసులో అందరూ అంటారు, ఇది ఎంతవరకు నిజం?" అని అడిగారు. ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా నేనూ ఇదే నమ్మాను. చేపల వేటకి వెళ్ళే ఇంట్లో పుట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దాకా వచ్చాను, కష్టపడకపోతే వచ్చేవాణ్ణి కాదు, అందుకని నమ్మడం తేలికైంది. కానీ నాకూ మా బావకీ ఈరోజు ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కూర్చుని లెక్క వేసుకుంటే మాత్రం ఆ మాట నిలబడట్లేదు. మా ఇద్దరిలో ఎక్కువ కష్టపడింది వాడు.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. బావ మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగు నెలలు పెద్ద. ఒకే బడి, ఒకే బెంచీ. లెక్కల్లో వాడు నాకంటే చురుకు, మొహమాటానికి అనట్లేదు, మాస్టారు బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపే వాడు జవాబు చెప్పేసేవాడు, నేను సాయంత్రం ఇంటికొచ్చాక వాడి దగ్గర చెప్పించుకునేవాణ్ణి.

అయిదో తరగతిలో మాస్టారు మా ఇద్దరి చేతా నవోదయ పరీక్షకి దరఖాస్తు పెట్టించారు, అంటే హాస్టల్లో ఉంచి చదివించే కేంద్ర ప్రభుత్వ బడి. మా జిల్లా నవోదయ వెన్నెలవలసలో ఉంది. ఆరో తరగతికి ఏడాదికి 80 సీట్లు, అయిదో తరగతి చదివే ఏడాది ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే మళ్ళీ రాసే వీల్లేదు. 2000లో మా పరీక్షకి రెండు రోజుల ముందు బావకి జ్వరం పట్టుకుంది. మామయ్య వేటకి వెళ్ళాడు, ఇంట్లో అత్త ఒక్కతే, ఒళ్ళు కాలిపోతున్న పిల్లాణ్ణి బస్సెక్కించమని ఎవరంటారు? నేను వెళ్ళి రాశాను, సీటొచ్చింది. వాడు మంచం మీద ఉండిపోయాడు. అంతే జరిగింది. మా ఇద్దరి జీవితాలు విడిపోయింది ఆ రోజునే, అందులో ఎవరి కష్టమూ లేదు, ఎవరి బద్ధకమూ లేదు.

తర్వాత నేను కష్టపడలేదా అంటే పడ్డాను. ఏడేళ్ళు హాస్టల్లో తెల్లవారుజామున అయిదింటికి లేచి చదివాను, ఇంగ్లీషు అర్థం కాక ఏడ్చిన రాత్రులున్నాయి. కానీ ఆ కష్టం పడడానికి నాకు ఉచితంగా తిండి, మంచం, పుస్తకాలు, లైటు ఇచ్చారు. ఇంజినీరింగులో చేరేసరికి అప్పుడే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, అది రెండు మూడేళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే నాన్న నన్ను చదివించగలిగేవారు కాదు. అదే వయసులో బావ మూడింటికి లేచి మామయ్యతో కలిసి తెప్పని నీళ్ళలోకి తోసేవాడు. పది పూర్తి చేయకుండానే, పదహారేళ్ళకి, ఊళ్ళోవాళ్ళతో పాటు గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్ళిపోయాడు.

శ్రీకాకుళం వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. రాష్ట్రంలో పొడవైన తీరం ఉన్న జిల్లాల్లో మాదే ముందు, 193 కిలోమీటర్లు. అయినా పెద్ద బోట్లు ఆగే హార్బరు ఇన్నేళ్ళుగా లేదు. బోటు లేదు, హార్బరు లేదు, వేట తెలుసు, అందుకని మనుషులే హార్బరు ఉన్న చోటికి వెళ్తారు. ఆగస్టులో వెళ్తే మళ్ళీ మే నెలాఖరుకి వస్తారు. ఒక్కో వేట ఇరవై రోజులు సముద్రం మీదే, రాత్రీ పగలూ తేడా లేకుండా వల వెయ్యడం, లాగడం, చేప ఏరడం, ఐసులో సర్దడం, మధ్యలో మూడు నాలుగు గంటల నిద్ర. ఐసు, ఉప్పునీళ్ళు కలిసి బావ అరచేతులు ఎలా అయ్యాయంటే, మొన్న వేసవిలో వచ్చినప్పుడు బ్యాంకులో వేలిముద్ర పడలేదు. కలాసీగా, అంటే బోటు మీద పనివాడిగా, వాడికి నెలకు పద్దెనిమిది వేలు. సెలవు రోజులతో కలిపి నాకు అంతకు ఎనిమిది రెట్లు వస్తుంది. నేను రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుంటాను, ఎనిమిది రెట్ల కష్టం నేను ఎక్కడ పడుతున్నానో ఎవరైనా చూపించండి.

ఇక్కడ కొందరు "కష్టం కాదు, తెలివికి డబ్బు" అంటారు. సరే. మా అమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసేది. జీడిపిక్క కొట్టి పప్పు చెదరకుండా తియ్యడం, పొట్టు తియ్యడం తెలివి లేకుండా కుదిరే పని కాదు. గుండు పప్పుకి ఉన్న ధర ముక్కకి ఉండదు, వేలి ఒత్తిడి కొంచెం ఎక్కువైతే బద్దలైపోతుంది, అమ్మ చేతిలో గుండ్లు అలాగే వచ్చేవి. పెంకులోంచి కారే జీడి తగిలి వేళ్ళ చర్మం నల్లగా ఊడిపోయేది, బూడిద రాసుకుని మళ్ళీ కూర్చునేది. నేను నవోదయకి వెళ్ళిన ఏడు ఆవిడకి రోజుకి 35 రూపాయలు వచ్చేవి. ఇంటికొచ్చాక నీళ్ళు, వంట, నాన్న వలలు బాగు చెయ్యడం. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ అయిదు గంటలకి ఎవరూ రూపాయి ఇవ్వరు, అది కష్టం కాదని ఎవరంటారు? అమ్మ పనికి రేటు తక్కువ ఎందుకంటే ఆవిడ లేచిపోతే ఆ పీట మీద కూర్చోడానికి గేటు బయట ఇంకో పదిమంది ఆడవాళ్ళు ఉండేవారు, వాళ్ళకీ వేరే పని లేదు. నా పనికి రేటు ఎక్కువ ఎందుకంటే నేను మానేస్తే నాలాంటివాణ్ణి వెతకడానికి కంపెనీకి మూడు నెలలు పడుతుంది. రేటు పలికేది అక్కడ, చెమట దగ్గర కాదు.

నా సొంత అనుభవమే ఇంకోటి చెబుతాను. కంపెనీ నన్ను ఎనిమిది నెలలు జర్మనీ పంపింది. అదే ప్రాజెక్టు, అదే లాప్‌టాప్, అదే నేను, పైగా అక్కడ సాయంత్రం అయిదున్నరకి ఆఫీసు ఖాళీ అయ్యేది. చేతికొచ్చిన డబ్బు మాత్రం ఇక్కడి కంటే నాలుగింతలు. ప్రపంచంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఆదాయం తేడాల్లో సగానికి పైగా ఏ దేశంలో బతుకుతున్నాడన్న ఒక్క విషయంతోనే చెప్పొచ్చని బ్రాంకో మిలనోవిచ్ అనే ఆర్థికవేత్త లెక్కలు వేసి చూపించాడు. ఆ మాట చదివినప్పుడు నాకు వెంటనే వెరావల్ గుర్తొచ్చింది. మా బావ వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్ళింది కూడా అందుకేగా, అదే చేతులకి అక్కడ కాస్త ఎక్కువ రేటు ఉందని.

"రిస్క్ తీసుకున్నవాడికే డబ్బు" అనే మాట ఒకటుంది, అది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. 2018 నవంబరులో వెరావల్ బోట్ల మీద పని చేస్తున్న మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనుషుల్ని పాకిస్తాన్ వాళ్ళు సముద్రంలో పట్టుకెళ్ళారు. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర మన చేతికి అప్పగించేదాకా పద్నాలుగు నెలలు ఇక్కడ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా బతికారో మా చుట్టుపక్కల ఊళ్ళు చూశాయి. అంతకంటే పెద్ద రిస్క్ ఏ వ్యాపారి తీసుకున్నాడు? రిస్క్‌కి డబ్బు వచ్చేది నష్టం వచ్చినా ఇల్లు గడుస్తుందన్న ధీమా ఉన్నవాడికి.

బావ కూడా అలాంటి ప్రయత్నం ఒకటి చేశాడు. పన్నెండేళ్ళు వెరావల్‌లో దాచిన డబ్బుకి తోడు అప్పు చేసి 2017లో ఊళ్ళోనే ఇంజను ఉన్న ఫైబర్ తెప్ప కొన్నాడు. ఇక గుజరాత్ వెళ్ళనన్నాడు. అత్త ఆ రోజు ఊరంతటికీ బెల్లం పంచింది. ఏడాది బాగానే నడిచింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి తెప్ప రెండు ముక్కలై ఒడ్డున పడి ఉంది, ఇంజను దొరకలేదు. కొబ్బరి తోటలకి పేరున్న మా ఉద్దానం ప్రాంతంలో చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపోయాయి, మావి నలభై చెట్లు ఉండేవి, ఆరు మిగిలాయి. కొబ్బరి నాటితే కాపుకి రావడానికి అయిదారేళ్ళు ఆగాలి.

ఆ రాత్రి నష్టం రెండు ఇళ్ళకీ జరిగింది, తర్వాత జరిగింది మాత్రం వేరు. నాకు ఒకటో తారీఖున జీతం పడింది, అమ్మానాన్నల్ని శ్రీకాకుళం తీసుకొచ్చేశాను. బావ నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇంకో అప్పు చేశాడు, పాత అప్పు తీర్చడానికి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. అదే ఏడాది నేను ఇంటి కోసం బ్యాంకులో తీసుకున్న లోను వడ్డీ ఎనిమిదిన్నర శాతం, అదీ వాళ్ళే ఫోన్ చేసి ఇచ్చారు. ఉన్నవాడికి అప్పు చవక, లేనివాడికి నాలుగు రెట్ల ఖరీదు. వాడు నెలంతా వల లాగి సంపాదించిన దాంట్లో మొదటి వాటా వడ్డీది. ఆ అప్పు కోసమే బోటు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని మళ్ళీ రైలెక్కాడు. కష్టపడితే పైకొస్తావని వాడికి చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆదాయం సంగతి ఇదైతే ఆస్తి సంగతి ఇంకా ఘోరం. 2016లో తెలిసినాయన బలవంతం మీద విజయనగరం జిల్లా భోగాపురం వైపు 200 గజాల స్థలం కొన్నాను. అప్పటికి ఎయిర్‌పోర్టు వస్తుందనే మాట మాత్రమే ఉంది. 2019లో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది, పనులు సాగిన కొద్దీ ధరలు పెరిగాయి. ఆ స్థలం ఇప్పుడు నేను కొన్నదానికి నాలుగింతలు పలుకుతోంది. దాని కోసం నేను ఒక్క రోజు కూడా పని చేయలేదు, కంచె కూడా వేయలేదు. ఆ పెరిగిన డబ్బు బావ వెరావల్‌లో ఎనిమిదేళ్ళు పని చేస్తే వచ్చేదానికంటే ఎక్కువ. ఆ సంగతి నేను వాడికి ఇంతవరకు చెప్పలేదు, చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. 2022-23లో దేశం మొత్తం ఆదాయంలో పైనున్న ఒక్క శాతం మందికి 22.6 శాతం వెళ్తోందని, ఆస్తిలో అయితే వాళ్ళ చేతిలో 40.1 శాతం ఉందని ప్రపంచ అసమానతల పరిశోధన సంస్థ వాళ్ళు 2024లో లెక్క తేల్చారు. ఆదాయం కంటే ఆస్తిలో తేడా ఎందుకంత ఎక్కువో నాకు నా స్థలం చూశాక అర్థమైంది. జీతంలో మిగిలితేనే స్థలం కొనగలం, కొన్నాక అది మనం నిద్రపోతున్నా పెరుగుతుంది, తర్వాత మన పిల్లలకి వెళ్తుంది. మనదేశంలో వారసత్వంగా వచ్చే ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1985లో తీసేశారు, సంపద పన్ను 2015లో తీసేశారు.

ఇంత చెప్పాక "అయితే కష్టపడడం దండగా?" అని అడుగుతారు. కాదు. నవోదయలో నాతో పాటు చేరినవాళ్ళలో చదవనివాళ్ళు వెనకబడ్డారు, నేను కళ్ళారా చూశాను. ఒకే చోట నిలబడ్డ ఇద్దరి మధ్య తేడాకి కష్టం కారణం కావచ్చు. తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు, కాదనను, అలాంటివాళ్ళు మా ఆఫీసులోనూ ఉన్నారు, కాకపోతే వాళ్ళ ఇళ్ళు గుల్ల కావు, ఎందుకంటే జీతం పెద్దది. నేను ఒప్పుకోనిది ఒక్కటే, తేడాని చూసి కష్టాన్ని కొలవడం. వాడి దగ్గర డబ్బు లేదు కాబట్టి వాడు కష్టపడలేదు అనడం. మీ ఆఫీసులో ఆ మాట అన్నవాళ్ళని ఒకసారి ఆ ఆఫీసు ఊడ్చే ఆవిడ ఎన్నింటికి లేస్తుందో అడిగి రమ్మనండి.

బావ కూతురు ఇప్పుడు అయిదో తరగతి. లెక్కల్లో అచ్చం తండ్రే. నవోదయ దరఖాస్తు నేనే నింపాను, నాలుగేళ్ళుగా ఇంటి నుంచే పని కాబట్టి శని, ఆదివారాలు ఊరెళ్ళి పాత ప్రశ్నపత్రాలు చేయిస్తున్నాను. మొన్న రాత్రి బావ వెరావల్ రేవు నుంచి ఫోన్ చేశాడు, తెల్లారితే మళ్ళీ సముద్రం మీదకి వెళ్తున్నారట, ఇక ఇరవై రోజులు సిగ్నల్ ఉండదు. హాల్‌టికెట్ వచ్చిందా అని అడిగాడు, రాలేదన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఒరే, ఆ రోజుకి గుంటకి జరమొస్తే ఏటి సేత్తావు?" అన్నాడు. పరీక్షకి వారం ముందే పిల్లని, అత్తని శ్రీకాకుళం మా ఇంటికి తీసుకొచ్చేస్తానని, డాక్టరుతో మాట్లాడి ఉంచానని, జ్వరమొచ్చినా కారులో పడుకోబెట్టి తీసుకెళ్తానని చెప్పాను.