ల్యాబ్రడార్ కుక్కకి ఇంటి వంట పెట్టొచ్చు, కానీ కాల్షియం లెక్క తేలాకే

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ఉండేది విజయవాడలో, ఎనిమిది నెలల మగ ల్యాబ్రడార్, వారం నుంచి డ్రై ఫుడ్ (కుక్కలకని బస్తాల్లో అమ్మే గుళికల తిండి) ముట్టడం లేదు. పెరుగన్నం, చికెన్ కూర పెడితే మాత్రం గిన్నె నాకేస్తోంది. ఇక ఇంటి వంటే పెట్టేద్దామా, ఏం వండాలి, ఎంత పెట్టాలి, ఖర్చు తగ్గుతుందా అని.

మాదీ విజయవాడే, పటమట. మా ఇంట్లో ఉన్నది నాటు కుక్క, ఆడది, బరువు 20 కిలోలు. చాలా ఏళ్లుగా దానికి ఇంటి వంటే. కాబట్టి నేను వద్దనే రకం కాదు. కాకపోతే మీవాడి వయసు చూస్తే ఇప్పుడే పూర్తిగా మార్చేయండి అని కూడా అనలేను. ఎందుకో చెప్తాను.

వంట సంగతికి ముందు ఒకటి. ల్యాబ్ తిండి మానేయడం మామూలు విషయం కాదండి. ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో ఆకలి తీరిందని చెప్పే జన్యువు (పీఓఎంసీ) సరిగ్గా పనిచేయదని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో తేల్చారు. అలాంటి జాతి కుక్క గిన్నె వదిలేసి వెళ్లిపోయిందంటే చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. మన కోస్తాలో టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, చాలా ఎక్కువ. మొదట కనిపించేది తిండి తగ్గడం, మందకొడిగా పడుకోవడం, జ్వరం. అనుమానం ఉంటే డాక్టర్ రక్తపరీక్ష చేసి ప్లేట్‌లెట్లు చూస్తారు. కూర పెడితే తింటోంది కాబట్టి జబ్బేమీ లేదని అనుకోవద్దు, జ్వరంలో కూడా రుచిగా ఉన్నది తినే కుక్కలున్నాయి.

జబ్బు లేదని తేలితే మిగిలే కారణాలు రెండు. ఒకటి, లూజుగా కొన్న డ్రై ఫుడ్ గానీ, మూతి తెరిచి పెట్టిన బస్తా గానీ మన ఉక్కకి కొవ్వు ముక్కిపోయి పాడైన వాసన కొడుతుంది. మనకి తెలియకపోయినా వాటికి తెలుస్తుంది. రెండు, ఇంట్లో ఎవరో చేతిలోది పెడుతున్నారు. పొద్దున ఇడ్లీ, పదకొండింటికి బిస్కెట్టు, మధ్యాహ్నం పెరుగన్నం. ఇవన్నీ అయ్యాక డ్రై ఫుడ్ ఎవడు తింటాడు? మా ఇంట్లో ఆ పని మా అత్తగారిది. అడిగితే 'ఒక్క ముద్దే కదమ్మా' అంటారు.

ఇక అసలు విషయం. కుక్కకి వండటం అనగానే అందరి టెన్షనూ మాంసం గురించే. చికెనా, మటనా, ఎన్ని ముక్కలు, ఉడికించాలా పచ్చిదా అని. నిజానికి దెబ్బ తగిలేది కాల్షియం దగ్గర. మాంసంలో, అన్నంలో ఫాస్ఫరస్ బోలెడంత, కాల్షియం మాత్రం దాదాపు శూన్యం. తిండిలో ఈ రెండూ కనీసం సమానంగా ఉండాలి, కాల్షియం కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదు. అది తగ్గితే ఒళ్లు ఊరుకోదు, రక్తంలో లోటు పూడ్చడానికి ఎముకల్లోంచి లాగేస్తుంది. పెద్ద కుక్కల్లో ఇది బయటపడటానికి చాలాకాలం పడుతుంది. ఎదిగే పిల్లల్లో నెలల్లోనే కాళ్లు వంకరపోతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. మా వీధిలో ఒకరు చికెన్, అన్నమే పెట్టి పెంచిన పిల్లకి ముందుకాళ్లు అలాగే వంగిపోయాయి. వాళ్లు ప్రేమ తక్కువ చేసిందేమీ లేదు, రోజూ బోన్‌లెస్సే తెచ్చేవారు.

అలాగని సిరప్ సీసాలు పోసేస్తే సరిపోదు. ల్యాబ్ లాంటి పెద్ద జాతి పిల్లల్లో కాల్షియం ఎక్కువైనా ఎముకలు, కీళ్లు చెడతాయి. ఎక్కువైనదాన్ని వద్దని బయటికి పంపేసే శక్తి ఆ వయసులో పేగులకి సరిగ్గా ఉండదు. అందుకే మీవాడికి ఏడాది, ఏడాదిన్నర దాటి ఎదుగుదల ఆగేదాకా పెద్ద జాతి పిల్లల కోసం చేసిన డ్రై ఫుడ్డే ప్రధానంగా ఉంచండి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ కాస్త, ఆ నీళ్లు గోరువెచ్చగా పైన పోసి కలపండి, వాసనకే తినేస్తాడు. ఇంటిది రోజు తిండిలో పదో వంతు దాటకపోతే బ్యాలెన్స్ చెడదు. కాదు, ఇప్పుడే పూర్తిగా వండే పెడతాను అంటే మాత్రం బరువు, వయసు చూసి లెక్క కట్టి ఇచ్చే డాక్టర్ దగ్గర రాయించుకోండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కుక్కల్నీ చూస్తారు.

ఇంటర్నెట్‌లో దొరికే వంటకాలు చూసి వండేస్తాం అంటారేమో. అమెరికాలో యూసీ డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు పుస్తకాల్లోవి, వెబ్‌సైట్లలోవి 200 వంటకాలు తీసి లెక్కవేసి 2013లో ప్రచురించారు. నూటికి 95 వంటకాల్లో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువైంది. వాటిలో పశువైద్యులు రాసినవి కూడా ఉన్నాయి. నేను కింద రాసేది కూడా ఆ కళ్లతోనే చదవండి. అది మా దానికి సరిపోయిన కొలత, మీవాడికి మందుచీటీ కాదు.

20 కిలోల ఎదిగిన కుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినది, మామూలుగా తిరిగేది అయితే రోజుకి సుమారు 1000 కేలరీలు చాలు. మా గిన్నెలో పడేది ఇదీ: 100 గ్రాముల బియ్యం, చాలాసార్లు నూకలే. స్కిన్‌లెస్ బోన్‌లెస్ చికెన్ 350 గ్రాములు, అందులో వారానికి రెండు మూడుసార్లు కొంత గుండెకాయలు, కందనకాయలు. లివర్ రోజూ వద్దు, విటమిన్ ఎ ఎక్కువైపోతుంది, ఎప్పుడైనా ఒకటి రెండు ముక్కలు చాలు. ఒక గుడ్డు. గుప్పెడు కూరగాయలు, తీపి గుమ్మడి, క్యారెట్, బీన్స్, బీరకాయ, ఏది చవగ్గా దొరికితే అది. చెంచాన్నర నూనె. అన్నీ కుక్కర్లో పడేసి మెత్తగా ఉడికిస్తాను, గుడ్డు విడిగా. రోజును రెండు పూటలుగా పెడతాను. అప్పుడప్పుడు చికెన్ బదులు శీలావతి చేప, కానీ ముళ్లు తీయడానికి ఓపిక ఉండాలి.

కుక్కలు మాంసాహారులు, అన్నం పెట్టకూడదు అనేవాళ్లుంటారు. మనుషుల దగ్గర చేరాక కుక్కలకి పిండిపదార్థం అరిగించుకునే జన్యువు తోడేళ్ల కంటే ఎన్నో రెట్లు పెరిగిందని 2013లోనే తేలింది. ఉడికిన అన్నంతో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఉన్నది అన్నమే అన్నం అయినప్పుడు. పెరుగన్నం మీద బతికే కుక్క బతుకుతుంది, కండ మాత్రం పట్టదు.

కాల్షియానికి నేను వాడేది గుడ్డు పెంకు. పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, డాబా మీద ఎండబెడతాను. విజయవాడలో ఎండకి కొదవేముంది! తర్వాత మిక్సీలో పిండిలా అయ్యేదాకా పట్టాలి, పలుకులుంటే పనికిరాదు. దీనికి వేరే జార్ పెట్టుకోండి, లేకపోతే ఇంట్లో యుద్ధమే. ఒక పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పైన చెప్పిన కొలతకి రోజుకి కావాల్సింది 1.25 గ్రాముల కాల్షియం, అంటే అరచెంచా కంటే కొంచెం ఎక్కువ పొడి. మెడికల్ షాపుల్లో ఇచ్చే కాల్షియం సిరప్‌లు చాలావాటిలో ఫాస్ఫరస్ కూడా కలిపి ఉంటుంది, మన తిండిలో ఇప్పటికే ఎక్కువున్నది అదే కదా. తాంబూలం సున్నం చిటికెడు కలపమనే పెద్దవాళ్లూ ఉన్నారు. ఆ పని అస్సలు చేయకండి, నోరు, గొంతు కాలిపోతాయి.

రాగి జావ పెడితే చాలు, కాల్షియం అందులోనే ఉంది కదా అని చాలామంది అంటారు. రాగులు మంచివే. 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ లెక్కన మా కుక్కకి రోజుకి సరిపోవాలంటే 350 గ్రాముల పిండి పెట్టాలి. అప్పుడు రోజు కేలరీలన్నీ రాగులకే అయిపోయి మాంసానికి చోటుండదు. పైగా రాగుల్లోని ఫైటేట్ అనే పదార్థం వల్ల ఆ కాల్షియం పూర్తిగా ఒంటికి పట్టదు.

పెంకు ఇచ్చేది కాల్షియం ఒక్కటే. జింక్, కాపర్ (రాగి లోహం), అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ ఈ గిన్నెలో ఇంకా తక్కువే. వీటికోసం ఇంటి వంట తినే కుక్కలకని చెప్పి డాక్టర్ దగ్గర సప్లిమెంట్ రాయించుకున్నాను. దాంట్లోనే కాల్షియం కూడా ఉంటే పెంకు పొడి మానేయాలి, రెండూ కలపకూడదు.

ఇప్పుడు మీ చికెన్ కూర సంగతి. అదే నాకు భయం. కారం వల్ల కడుపు మంట, విరేచనాలు, అవి తగ్గిపోతాయి. మాది పుట్టిల్లు గుంటూరు, కారం లేని కూర మాకు కూరే కాదు, అయినా నా గొడవ కారంతో కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడైనా ఒకటే. ఒంటి బరువులో 0.5 శాతం దాటితే ప్రమాదం, అంటే 20 కిలోల కుక్కకి 100 గ్రాములు, ఒక పెద్ద ఉల్లిపాయ. రోజూ కొంచెం కొంచెం పడినా చేటే. పైగా అదే రోజు ఏమీ కనిపించదు. కొన్ని రోజులకి చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. ముక్కలు కడిగి పెడుతున్నాం అంటారు కొందరు, గ్రేవీ ముక్కలోకి పీల్చుకున్నాక కడిగితే ఏం పోతుంది? దాని వాటా మాంసం ఉప్పు, మసాలా పట్టించక ముందే తీసి వేరే గిన్నెలో వేయండి.

చింతపండు సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ద్రాక్ష, కిస్మిస్ తింటే కొన్ని కుక్కలకి కిడ్నీలు పాడవుతాయని ఎప్పట్నుంచో తెలుసు, కారణం మాత్రం తెలిసేది కాదు. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విషచికిత్స కేంద్రం వైద్యులు 2021లో అది టార్టారిక్ ఆమ్లం పనే అయ్యుండొచ్చని చెప్పారు. మన చింతపండు పులుపంతా ఆ ఆమ్లమే. అందుకని పులిహోర, పప్పుచారు, చేపల పులుసు మా కుక్క దగ్గరికి రావు. సేమ్యా పాయసంలో కిస్మిస్ కూడా అంతే. పొరపాటున తినేస్తే వాంతి చేయిద్దామని ఉప్పునీళ్లు పట్టించకండి, అదే ఇంకో విషం. ఎంత తిన్నదీ, ఎన్నింటికి తిన్నదీ గుర్తుపెట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆదివారం బిర్యానీ ఎముకలు వద్దు. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది. మామిడిపళ్ల కాలంలో టెంకలు కుక్కకి అందకుండా పారేయండి, ల్యాబ్‌లు మింగేస్తాయి, పేగులో అడ్డుపడితే ఆపరేషనే. చక్కెర లేని చూయింగ్ గమ్, చాక్లెట్ కుక్కలకి విషమన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

మే నెలలో వండినది గంటన్నర కంటే ఎక్కువ బయట ఉంచను. పొద్దున ఎండ ముదరక ముందు ఒక పూట, రాత్రి కాస్త చల్లబడ్డాక ఒక పూట. రెండు రోజులకి సరిపడా వండి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడతాను, ఇంకా మిగిలితే ఫ్రీజర్‌లో. ఆ ఎండల్లో కుక్కలు కొంచెం తక్కువ తినడం మామూలే, దానికి కంగారుపడి నెయ్యి, మటన్ కొవ్వు వేసి ఊరించకండి. కొవ్వు ఎక్కువైతే పాంక్రియాస్ (క్లోమం) వాచి ప్రాణం మీదికొస్తుంది.

ఖర్చు విషయం. ల్యాబ్ సైజుకి చికెన్, గుడ్లు, సప్లిమెంట్, గ్యాస్ అన్నీ కలిపితే మంచి డ్రై ఫుడ్ కంటే పెద్దగా మిగలదు. డబ్బు కోసమే అయితే ఈ పని పెట్టుకోకండి. చేయి తడిమితే పక్కటెముకలు తగులుతున్నాయా, పైనుంచి చూస్తే నడుము కనిపిస్తోందా అని వారం వారం చూసుకోండి, ల్యాబ్‌లకి లావెక్కడం క్షణాల్లో పని. ఏ తిండైనా వారం, పది రోజులు తీసుకుని కొంచెం కొంచెంగా మార్చండి. రక్తపరీక్ష చేయిస్తే రిపోర్ట్‌లో ఏమొచ్చిందో, ఇప్పుడు బరువెంతో ఇక్కడ రాయండి, డ్రై ఫుడ్ ఎంత పెడుతున్నారో కూడా చెప్తే కొలత గురించి ఇంకాస్త వివరంగా మాట్లాడుకోవచ్చు.