ఎముక సిమెంటు అంటే ఇల్లు కట్టే సిమెంటేనా?

హనుమకొండలో తల్లికి మోకీలు మార్పిడి చేయించబోతున్న ఒకరు, డాక్టరు చెప్పిన 'సిమెంటు' ఏమిటని, అది లేకుండా కీలు నిలవదా అని అడిగారు.

పేరు కలిసింది గాని, దీనికీ ఇంటి సిమెంటుకూ సంబంధం లేదు. ఇది పాలీమిథైల్ మిథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. అద్దానికి బదులు వాడే యాక్రిలిక్ పలకలోనూ ఉండేది ఇదే. పొడినీ ద్రవాన్నీ ఆపరేషన్ గదిలోనే కలిపితే ముద్దగా మారి, సుమారు 10–15 నిమిషాల్లో వేడెక్కుతూ గట్టిపడుతుంది. దీనిని తుంటి కీలుకు వాడి ప్రాచుర్యంలోకి తెచ్చినవారు ఇంగ్లండు శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీ. చాలామంది అనుకున్నట్లు ఇది జిగురు కాదు: మన వరంగల్ మేస్త్రీలు దర్వాజ నిలబెట్టి గోడ సందుల్లో మాలు కూరినట్లుగా, ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి కృత్రిమ కీలును కదలకుండా పట్టి ఉంచుతుంది.

సిమెంటు లేని పద్ధతిలో, రంధ్రాలతో గరుకుగా ఉండే లోహపు కీలును బిగుతుగా దించితే, కొన్ని వారాల నుంచి నెలల్లో ఎముకే అందులోకి పెరుగుతుంది. అందుకు ఎముక దృఢంగా ఉండాలి. కనుక మోకీలుకు, ముఖ్యంగా ఎముకలు గుల్లబారిన పెద్దవారికి, సిమెంటునే ఎక్కువగా ఎంచుకుంటారు. సిమెంటు నింపేటప్పుడు అరుదుగా రక్తపోటు పడిపోవచ్చు; అమ్మగారికి గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.