బైక్ ట్యాంకుకి ఇంట్లోనే స్ప్రే డబ్బాతో రంగు వేస్తే నిలుస్తుందా?

నిలుస్తుంది. రంగు పెచ్చులుగా ఊడటానికి చాలాసార్లు కారణం కింద మిగిలిపోయిన జిడ్డే. ముందు డిటర్జెంట్ నీళ్లతో కడిగి, తడిపి రుద్దే 400 నంబరు గరుకు వాటర్ పేపర్‌తో పాత మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దండి. మళ్లీ తుడిచి ఆరబెట్టాక ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. ఇనుము బయటపడిన చోట ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే పూత) తప్పనిసరి. ప్లాస్టిక్ భాగాలకైతే దాని ప్రైమర్ వేరే ఉంటుంది.

డబ్బాను బాగా ఊపి, 20-25 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా కొట్టండి. మొదటి కోటుకే పాత రంగు కనపడకూడదని ఆశపడితే కారిపోతుంది. 10-15 నిమిషాలు ఆగుతూ మూడు నాలుగు కోట్లు వేయండి. ముసురు పట్టిన రోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది.

ట్యాంకుకి అసలు శత్రువు పెట్రోల్. రంగు మీద చివరగా వేసే మామూలు క్లియర్ కోటు (రంగులేని పూత) మీద నాలుగు చుక్కలు పడితే చాలు, మెత్తబడి ముడతలు పడుతుంది. డబ్బా అడుగున బటన్ నొక్కి హార్డెనర్ (పూతను గట్టిపరిచే రసాయనం) కలిపే టూ-కే (రెండు భాగాల) క్లియర్ తీసుకోండి. అందులోని ఐసోసయనేట్లనే రసాయనాలు ఊపిరితిత్తులకు చాలా హాని. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. రసాయన ఆవిరిని ఆపే ఫిల్టర్లున్న మాస్క్, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయటే కొట్టండి.