20 నెలల బాబు రోజంతా నీరసంగా ఉంటున్నాడు, ఏ టానిక్ వాడాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 20 నెలలు. మూడు వారాల నుంచి మునుపటిలా ఆడటం లేదు. నాలుగడుగులు వేయగానే ఎత్తుకోమంటాడు, పొద్దున లేచిన గంటకే మళ్లీ పడుకుంటాడు. అన్నం రెండు ముద్దలు కూడా తినడు, పాలు మాత్రం రోజుకు ఐదారు సీసాలు తాగుతాడు. గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకుంటున్నాడు. జ్వరం లేదు. ముక్కు కారుతోందని పోయినేడాది రాసిన జలుబు సిరప్ రాత్రిపూట ఇస్తున్నాం. పళ్లు వస్తుంటే పిల్లలు ఇలాగే డల్ అవుతారని మా అత్తయ్యగారు అంటున్నారు. బలానికి ఏ టానిక్ మంచిది? పాలల్లో కలిపే పౌడర్ ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, టానిక్ సంగతి తర్వాత చూద్దాం. జలుబు సిరప్ గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ నాకు ముందు భయం వేసింది అక్కడే. ఆ సీసా ఈ రాత్రి నుంచే ఆపేయండి. దాని మీద క్లోర్‌ఫెనిరమిన్ అని ఉందేమో చూడండి, జలుబు సిరప్పుల్లో చాలావాటిలో అదో, అదే కోవకు చెందిన ఇంకో మందో ఉంటుంది. పిల్లాణ్ని మగతగా పడేసేది అదే. రాత్రి ఇచ్చిన మందు మత్తు మర్నాడు పొద్దుటికీ వదలని పిల్లలు ఉంటారు. పైగా పోయినేడాది రాసింది అప్పటి బరువుకి, అప్పటి జబ్బుకి. తెరిచి అన్ని నెలలు షెల్ఫులో ఉన్న సిరప్ ఏ మందైనా సరే మళ్లీ వాడకూడదు.

ఇది నా చాదస్తం కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సమయంలోనే రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు అని కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఇంత జరిగాక కూడా ఓపీలో తల్లులు సంచి తెరిచి టేబుల్ మీద పెట్టే సీసాలు చూస్తుంటే బాధేస్తుంది. సగం వాడిన దగ్గు మందు, లేబుల్ చెరిగిపోయిన గ్యాస్ చుక్కలు, మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన ఆకలి మందు, పక్కింటివాళ్ల పాపకు మిగిలిన యాంటిబయాటిక్. ముక్కు కారుతుంటే ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేయండి, గోరువెచ్చని నీళ్లు పట్టండి, ఆ వయసు జలుబుకు మామూలుగా అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అయితే ఒక మాట. సిరప్ ఆపగానే కాస్త హుషారుగా కనిపిస్తే "హమ్మయ్య, అదే కారణం" అనుకుని ఊరుకోకండి. మీరు రాసిన మిగతా లక్షణాలు సిరప్‌తో వచ్చేవి కావు. బాబుని చూడకుండా నేను జబ్బు పేరు చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ రోజుకు ఐదారు సీసాల పాలు, అన్నం వద్దనడం, సున్నం తినడం, నాలుగడుగులకే ఆయాసపడినట్టు ఎత్తుకోమనడం, ఈ నాలుగూ ఒకే పిల్లాడిలో ఉన్నాయంటే రక్తం తక్కువైందేమోనని ఏ పిల్లల డాక్టరైనా ముందు అనుమానిస్తారు, అందులోనూ ఐరన్ లోపం వల్ల.

పాలు మంచివే కదా అంటారు. సీసాకు 200 మిల్లీలీటర్లు అనుకున్నా మీవాడు లీటరో, అంతకు పైనో తాగుతున్నాడు. లీటరు పాలల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు, ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క. పాలతో కడుపు నిండిపోతే ముద్ద ఎలా దిగుతుంది? తిన్న రెండు ముద్దల్లో ఉన్న కాస్త ఐరన్‌ని కూడా పాలల్లోని కాల్షియం సరిగ్గా ఒంటపట్టనివ్వదు. ఐరన్ తగ్గేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, ఆకలి లేదని ఇంకో సీసా పాలు పడతారు. సున్నం, మన్ను, బలపం తినడం కూడా చాలాసార్లు ఈ లోపం వల్లే, పిల్లాడి మొండితనం వల్ల కాదు, దానికోసం కొట్టకండి. ఆ గోడ పాత పెయింట్ గోడ అయితే మాత్రం డాక్టరుకు చెప్పండి, పాత రంగు పెచ్చుల్లో సీసం అనే లోహం ఉండొచ్చు, అది వేరే ప్రమాదం.

రక్తం నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గితే పిల్లాడి ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. రోజూ చూసే తల్లి కంటికి ఆనదు, పండక్కి వచ్చిన మేనత్త "ఏంటి వీడు ఇలా తెల్లగా పాలిపోయాడు" అంటే గానీ తెలియదు. రేపు పొద్దున ఎండ వెలుతురులో వాడి అరచేయి మీ అరచేయి పక్కన పెట్టి చూడండి. కింది కనురెప్ప మెల్లగా కిందికి లాగి లోపల ఎర్రగా ఉందో, తెల్లగా ఉందో చూడండి. తెల్లగా ఉంటే ఆలస్యం వద్దు. ఎర్రగా కనిపించినా సరే పరీక్ష మానకండి, కంటితో చూసి తేల్చే విషయం కాదిది.

ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించి సీబీపీ (రక్తకణాలన్నీ లెక్కపెట్టే పరీక్ష), దాంతోపాటు స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూడటం) చేయించండి. చిన్న పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా చేస్తారు. ఆరు నెలల నుంచి 23 నెలల లోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 10.5 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించింది. ఇదేదో అరుదైన జబ్బు కూడా కాదు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువే ఉంది. మీరు హిమోగ్లోబిన్ అంకె ఒక్కటే చూసి రిపోర్టు పక్కన పెట్టేయకండి, అదే కాగితం మీద తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, ఎర్ర కణాల సైజు కూడా ఉంటాయి, డాక్టరు వాటిని చూస్తారు.

పరీక్షకు ముందే ఐరన్ టానిక్ మొదలుపెడితే ఏం పోతుంది అని చాలామంది అడుగుతారు. పోతుంది. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లలు కూడా ఇలాగే పాలిపోయి నీరసపడతారు, అది ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్యే బయటపడుతుంది. ఆ పిల్లలకు ఐరన్ వల్ల లాభం లేదు సరికదా, ఒంట్లో పేరుకుపోయి హాని చేస్తుంది. మీది మేనరికమైనా, ఇంట్లో ఎవరికైనా తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చినా ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఇక రెండో సంగతి, ఒక్కో కంపెనీ సీసాలో ఒక్కో మోతాదు ఐరన్ ఉంటుంది. చికిత్సకు మామూలుగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల చొప్పున లెక్కకడతారు, కాబట్టి "రోజూ ఒక చెంచా" అని షాపులో చెప్పిన మాటకు అర్థమే లేదు. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఇచ్చే ఐరన్ సిరప్ మంచిదే, కానీ అది లోపం రాకుండా ఇచ్చేది, వచ్చాక చేసే వైద్యానికి సరిపోదు.

డాక్టరు ఐరన్ రాస్తే పాలతో కలిపి ఇవ్వకండి. తిండికి తిండికి మధ్య, వీలైతే కాస్త నిమ్మరసంతో నోట్లో వెనకగా పోయండి, లేకపోతే పళ్లకు మరకలు పడతాయి. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. అన్నిటికంటే ముఖ్యం, వారం పది రోజుల్లో పిల్లాడు పరుగెత్తడం మొదలుపెట్టగానే చాలామంది మందు ఆపేస్తారు. ఆపకండి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా ఒంట్లో నిల్వలు నిండాలంటే ఇంకో రెండు మూడు నెలలు వాడాలి. ఆ సీసా వాడికి అందకుండా తాళం వేసిన బీరువాలో పెట్టండి, తియ్యగా ఉందని సీసా ఎత్తి తాగేస్తే ఐరన్ పిల్లల ప్రాణం తీస్తుంది.

రక్తం బాగానే ఉందని తేలితే అక్కడితో ఆగకూడదు. ఈ మధ్య ఎక్కువగా ఉచ్చ పోస్తున్నాడా, నీళ్లకోసం మారాం చేస్తున్నాడా, బరువు తగ్గాడా? మీరు పాలు తాగుతాడని రాశారు గానీ అది ఆకలో దాహమో నాకు తెలియదు. ఈ వయసులో కూడా షుగర్ వస్తుంది, వేలి మీద ఒక్క చుక్క రక్తంతో నిమిషంలో తెలిసిపోతుంది, క్లినిక్‌లో అడిగి మరీ చూపించుకోండి. మలబద్ధకం ఉంటే థైరాయిడ్ కూడా చూడాలి. మీరు పూర్తి శాకాహారులైతే విటమిన్ బీ12 లోపం సంగతి గుర్తుచేయండి. పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమటలు పడుతుంటే గుండె పరీక్ష చేయించాలి. ఒంటి మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మెడలో గడ్డలు, కాలు కింద పెడితే ఏడవడం, వదలని జ్వరం, వీటిలో ఏది ఉన్నా వారం ఆగొద్దు, మర్నాడే వెళ్లండి.

కొన్నిటికి మర్నాడు కూడా ఆగకూడదు. లేపినా సరిగ్గా లేవకపోవడం, ఏమీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, డొక్కలు ఎగరేయడం, పెదాలు నీలంగా మారడం, నాలుగైదు గంటలు దాటినా ఉచ్చ పోయకుండా కళ్లు లోతుకుపోవడం. పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి, 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వేగంగా ఉన్నట్టే. అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి. ఇంకో మాట, ఈ మూడు వారాల్లో ఎప్పుడైనా జ్వరం వచ్చి తగ్గాక నీరసపడ్డాడా గుర్తు తెచ్చుకోండి. డెంగీలో జ్వరం తగ్గిన రోజునే అసలు ప్రమాదం మొదలవుతుంది, జ్వరం పోయిందని ఇంట్లో అందరూ నిమ్మళంగా ఉంటారు.

అత్తయ్యగారి అనుభవాన్ని నేను తీసిపారేయను, పళ్లు వచ్చేటప్పుడు పిల్లలు చికాకు పడతారు, చొంగ కారుస్తారు, ఒకటి రెండు పూటలు తిండి తగ్గిస్తారు. మూడు వారాల నీరసం పళ్లతో రాదమ్మా. ఈపాటికి చూపించి ఉండాల్సింది. దిష్టి తీస్తే తీయండి, తీసి ఆసుపత్రికి బయల్దేరండి.

పౌడర్ అడిగారు, వద్దు. అది కలిపితే పాలు ఇంకా ఎక్కువ తాగుతాడు, చక్కెర కూడా వెళ్తుంది. పాలు రోజు మొత్తానికి 400 నుంచి 500 మిల్లీలీటర్లకు తగ్గించి సీసా తీసేసి గ్లాసుతో ఇవ్వండి, అన్నం తిన్నాకే ఇవ్వండి. మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు, ఇంట్లో పెద్దవాళ్లు "పాపం, పసివాడు" అని మళ్లీ సీసా అందిస్తారు, వాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి. మెత్తగా ఉడికించిన కార్జం, గుడ్డు, చేప, తోటకూర పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం, జామపండు గుజ్జు, అంగన్‌వాడీ బాలామృతం, ఏది తింటే అది పెట్టండి. టీ మాత్రం ఒక్క గుక్క కూడా వద్దు. నులిపురుగుల మందు ఈ మధ్య వేయించకపోతే అడిగి వేయించండి, రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్రే పొడి చేసి ఇస్తారు.

వెళ్లేటప్పుడు టీకాల కార్డు, ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఆ జలుబు సిరప్‌తో సహా తీసుకెళ్లండి, రెండు రోజుల్లో వాడు ఏం తిన్నాడో, ఎన్ని పాలు తాగాడో కాగితం మీద రాసుకెళ్లండి. రిపోర్టు వచ్చాక అర్థం కాకపోతే మళ్లీ రాయండి, బాబు బరువు కూడా రాయడం మర్చిపోకండి.