సగంలో ఆగిన కారును అమ్మబోతున్న మేనల్లుడికి

కొవెంట్రీ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ కిట్ కారును, అదే కొత్త చట్రం (ఛాసిస్) కొని దానికి పాత కారు భాగాలు ఎక్కించి ఇంట్లోనే కట్టుకుంటున్న ఆ కారును, అమ్మేద్దామనుకుంటున్నావని మొన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. "నీకు చెప్పడానికి వాడు మొహమాటపడుతున్నాడు అన్నయ్యా" అని కూడా అంది. మొహమాటం దేనికి నాయనా? పాప పుట్టింది. ఉద్యోగం ఎడిన్‌బరోకు మారుతోంది. గ్యారేజి లేని ఇంటికి వెళ్తున్నారు. మూడేళ్లుగా శనివారాలన్నీ ఆ కారుకే ఇచ్చావు, ఇప్పుడు ఆ శనివారాలు పాపకు కావాలి. ఇందులో తప్పేమీ లేదు. నీతో మాట్లాడాక నువ్వు పంపిన ఫోటోలు, ఖర్చుల లెక్క రెండూ చూశాను. తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులో స్పానర్లు అందిస్తూ పెరిగినవాణ్ణి నేను. ఇక్కడికి, బ్రిటన్‌కు వచ్చాక కిట్ కార్లు మూడు మొదలుపెట్టాను. రెండు పూర్తయ్యాయి, ఒకటి సగంలో అమ్మాను. పూర్తయిన రెండింటి కన్నా ఆ అమ్మిన ఒక్కటే నాకు ఎక్కువ నేర్పింది.

దాన్ని అమ్మింది 1996లో. పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను విప్పి, దాని ఇంజిను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ తీసి కొత్త ఛాసిస్‌కు ఎక్కించడం అంతకు చాలా ముందే మొదలుపెట్టాను. పని ఆగిపోయి రెండేళ్లు గ్యారేజిలో దుప్పటి కప్పుకుని పడి ఉంది. కొనడానికి ఒకాయన వచ్చాడు. చేతులు చూస్తేనే తెలుస్తుంది పనివాడని. చుట్టూ తిరిగి చూశాడు, వంగి కింద చూశాడు, ముఖంలో సంతోషమే కనిపించింది. అప్పుడు అరలో ఉన్న పెద్ద బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. నిండా బోల్టులు. ఒకటి పైకి తీసి, "ఇది ఎక్కడిది?" అన్నాడు. నేను చెప్పలేకపోయాను. ఇంకొకటి తీశాడు. అదీ చెప్పలేకపోయాను. ఆయన మూత నెమ్మదిగా పెట్టేసి, నేను అడిగిన ధరలో మూడో వంతు చెప్పాడు. నేను ఇచ్చేశాను.

ఆ రోజు ఆయన కొన్నది ఇనుము మాత్రమే. రెండేళ్ల ముందు వచ్చి ఉంటే ఏ బోల్టు ఎక్కడిదో నాకు నిద్రలో లేపి అడిగినా తెలిసేది. సగంలో ఆగిన కారుకు విలువ తెచ్చేది కట్టినవాడి జ్ఞాపకం. అది ఛాసిస్ కన్నా ముందే తుప్పు పడుతుంది. నువ్వు పని ఆపి ఏడు నెలలే అయింది కాబట్టి ఇంకా సమయం ఉంది. ఎండాకాలం దాకా చూద్దాం, ధర పెరుగుతుందేమో అని అటకెక్కించకు.

కాబట్టి ప్రకటన రాయడానికి ముందు రెండు సాయంత్రాలు గ్యారేజిలో కూర్చో. జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచులు, చెరగని సిరా పెన్ను తెచ్చుకో. ఒక్కో చోటి బోల్టులు, నట్లు, వాషర్లు ఒక్కో సంచిలో వేసి, పైన "ముందు, ఎడమ, కింది ఆర్మ్: క్యామ్ బోల్టులు 2, నట్లు 2" అని వివరంగా రాయి. ఎమ్‌ఎక్స్‌-5 అనే మజ్దాలో, అంటే నువ్వు భాగాలు విప్పి తీసిన ఆ కారులో, చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్ములకు ఉండే క్యామ్ బోల్టులు (చక్రాల వాలు సరిచేసేవి) బుష్‌లలో తుప్పుపట్టి బిగుసుకుపోతాయని ఆ కారు తెలిసిన ప్రతివాడికీ తెలుసు. నువ్వు వాటిని కోసి తీశావా, కొత్తవి కొన్నావా, పాతవే శుభ్రం చేశావా అన్నది కూడా రాయి. ఏ సంచిలో ఏమైనా తక్కువైతే "1 నట్టు లేదు" అని సంచి మీదే రాసేయి. లేనిదాన్ని ఇలా చెప్పినప్పుడు ఉన్నవాటి మీద కొనేవాడికి నమ్మకం కుదురుతుంది.

వైరింగ్ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫోటోలో మజ్దా వైర్ల కట్ట చుట్ట చుట్టి మూలన ఉంది, చివర్లకు తెల్ల టేపు ముక్కలున్నాయి. ఆ టేపు మీది రాత వెలిసిపోయి ఉంటే ఇప్పుడే తిరిగి రాయి. కొనేవాణ్ణి అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది పేరు తెలియని వైరు. ఒక్క వైరూ కొత్తగా కత్తిరించకు. నీ మజ్దా 2000 నాటి కారు కాబట్టి దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ ఉంటుంది. ఇంజిన్ కంప్యూటరు, ఇమ్మొబిలైజర్ పెట్టె, రెండు తాళంచెవులు ఒకే డబ్బాలో పెట్టు. ఆ జత విడిపోతే మంచి ఇంజిను కూడా మొండికేస్తుంది.

ఇక కాగితాలు. డోనర్ కారు, అంటే నువ్వు భాగాలు తీసుకున్న ఆ మజ్దా, దాని లాగ్‌బుక్, అదే వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రం, ఎక్కడుంది? నువ్వు పంపిన ఫైలు ఫోటోలో అది కనిపించలేదు. కిట్ తయారీదారు కొత్తగా చేసి ఇచ్చిన ఛాసిస్‌కు డోనర్ కారు నుంచి వచ్చిన రెండు ప్రధాన భాగాలు చేరి, వాటికి రుజువులుంటే, పూర్తయ్యాక కారుకు డోనర్ వయసును చూపే నంబరు ఇస్తారు. రుజువు లేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు వస్తుంది. కారు వయసు గానీ పుట్టుక గానీ తేల్చలేకపోయారని ఆ క్యూ ప్లేటు చూసినవాళ్లందరికీ తెలిసిపోతుంది. 1983 నుంచీ ఉన్న పద్ధతే ఇది. నడపడానికి అదేమీ అడ్డు కాదు కానీ, తరువాత అమ్మబోతే ధర తగ్గుతుంది, బీమా సంస్థల్లో కొన్ని వెనకాడతాయి. అందుకే ఆ ఒక్క కాగితం విలువ వందల పౌండ్లు.

ఇంకో మాట. లోపలి భాగాలన్నీ తీసేశాక మిగిలిన మజ్దా డొల్లను ఏం చేశావు? తుక్కు కేంద్రానికి ఇచ్చినప్పుడు దానికి ధ్వంస ధ్రువపత్రం జారీ అయి ఉంటే, రికార్డుల్లో ఆ కారు కథ అక్కడితో ముగిసిపోయినట్టే. ఇచ్చావా లేదా ముందే తేల్చుకో. ఇచ్చి ఉంటే కొనేవాడికి మొదటి ఫోనులోనే చెప్పు. ఆ డోనర్‌ను ప్రమాదంలో దెబ్బతిన్న కారుగా కొన్నావు కదా, బీమా వాళ్లు దానికి పెట్టిన కేటగిరీ ఏదో అది కూడా చెప్పు. అతను రికార్డుల్లో ఎలాగూ చూస్తాడు, నీ నోట వింటే వేరుగా ఉంటుంది.

ఇంట్లో కట్టిన కారును రోడ్డెక్కించే ముందు ఇప్పుడు ప్రభుత్వ పరీక్ష ఒకటి నెగ్గాలి, నేను ఎస్కార్ట్ కారు అమ్మినప్పుడు అది లేదు. కిట్ కార్లకు ఎస్‌వీఏ అనే పరీక్ష 1998లో వచ్చింది, 2009 నుంచి దాని స్థానంలో ఐవీఏ ఉంది. నీ కారు కొనేవాడు ఇప్పటి నుంచీ ఆ పరీక్ష రోజు గురించే ఆలోచిస్తాడు. కారును ఇంట్లో సొంతంగా కట్టుకున్నారనడానికి ఫోటోలు, బిల్లులు అడుగుతారు. ఇంజిన్ వయసుకు రుజువుంటే దాని కాలపు ప్రమాణాలతోనే పొగను కొలుస్తారు. బయటికి పొడుచుకొచ్చే అంచుల గుండ్రదనం కనీసం 2.5 మిల్లీమీటర్లు ఉందా అని కొలతతో చూస్తారు. తిప్పి వదిలితే స్టీరింగు తనంతట తాను నడిమికి రావాలి. నువ్వు ఐవీఏను దృష్టిలో పెట్టుకుని కొన్న అద్దాలు, పొగమంచు దీపం, అంచులకు వేసే రబ్బరు పట్టీ ఏవేవో విడిగా ఒక కాగితం మీద రాయి. ఫోనులో ఉన్న ఫోటోలన్నీ తేదీల వరుసలో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. తయారీదారుకు ఫోను చేసి, నీ ఛాసిస్ నంబరు చెప్పి, కొత్త యజమానికి కూడా విడిభాగాలు, సలహాలు ఇస్తారా అని అడిగి ఉంచు. కిట్ కార్ల వ్యాపారంలో మూతపడిన సంస్థలు ఎన్నో. నీ తయారీదారు ఇంకా పని చేస్తున్నాడన్నదే కొనేవాడికి ధైర్యం.

అమ్మేముందు పని ఏమైనా చేయాలా అని అడిగావు. రంగు వేయకు, కొత్త వస్తువు కొనకు. నాలుగు చక్రాలూ తగిలించి, స్టీరింగు తిరిగేలా చేయి, అంతే. చక్రాల మీద దొర్లే కారును ట్రైలర్ మీదికి ఎక్కించవచ్చు. స్టాండుల మీద కూర్చున్నదాన్ని నలుగురు మోయాలి, అది చూడగానే బేరం సగం పోతుంది. బ్రేకు గొట్టాలు సగమే వేశావు కదా, అక్కడితో వదిలెయ్. తొందరలో ఇంకొకరు వేసిన బ్రేకును ఏ తెలివైనవాడూ నమ్మడు, మొత్తం విప్పి మళ్లీ వేసుకుంటాడు.

ఇంజిను విప్పకముందు అది తిరుగుతున్నప్పుడు వీడియో తీశావా? తీసి ఉంటే అది బంగారం. లేకపోతే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి పీడనం) కొలిచి అంకెలు రాద్దాం. నా దగ్గర గేజి ఉంది.

ఇప్పుడు ధర. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు ఊరికే అనలేదు. నీ లెక్క ప్రకారం కిట్‌కు 4,200, డోనర్‌కు 1,100, మిగతా వస్తువులకు 1,900, మొత్తం 7,200 పౌండ్లు. తలుపులు, బానెట్, పైకప్పు అమ్మితే 600 తిరిగి వచ్చాయి. నీ శ్రమకు విలువ కట్టి దాని పైన కలపకు, ఆ లెక్క ఎవరూ ఒప్పుకోరు. మన ఊళ్లలో పిల్లర్ల దగ్గర ఆగిపోయి ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తుండే ఇళ్లు ఉంటాయి చూడు, అలాంటిదాన్ని కొనేవాడు ఇంకా ఎంత కావాలో లెక్కేసుకుంటాడు గానీ అప్పటికి ఎంత పోశారో అడగడు. నా అంచనాలో 4,250 అడుగు, 3,600 వస్తే ఇచ్చేయి. పెట్టినదాంట్లో సగం చేతికొస్తే మంచి బేరమే.

ముక్కలుగా అమ్మితే ఎక్కువ వస్తుందని ఎవరో చెప్పారన్నావు. ఇంజిను, గేర్‌బాక్సు మొదటి వారంలోనే పోతాయి, నిజమే. తరువాత ఛాసిస్ నీ మెడకు చుట్టుకుంటుంది. డోనర్ భాగాలు పోతే ఆ వయసు నంబరుకు దారి మూసుకుపోతుంది, ఎడిన్‌బరో వెళ్లే రోజు దాకా ఆ గొట్టాల చట్రం అక్కడే ఉంటుంది. అంతా ఒకటిగానే అమ్ము. సీట్లు బాగున్నాయని తీసి దాచుకోకు.

ప్రకటనలో "దాదాపు పూర్తయింది" అన్న మాట ఉండకూడదు. "నాలుగు వారాంతాల పని" అనీ రాయకు, అది నువ్వే చేయలేకపోయావు కదా అని అవతలివాడు అనుకుంటాడు. చేసినవి, చేయాల్సినవి, లేనివి అని మూడు భాగాలుగా రాయి. సొంతంగా అమ్మేవాళ్ల మీద దుకాణాలకున్నంత బాధ్యత ఉండదు కానీ, అబద్ధపు వర్ణన మీద 1967 నాటి చట్టం ఒకటుంది, ఆ వర్ణన నమ్మి కొన్నవాడు నిన్ను కోర్టుకు లాగవచ్చు. కిట్ తయారీదారుకు, ఆ మోడల్ యజమానుల క్లబ్బుకు ముందు చెప్పు, ఆ తరువాతే వేలం సైట్లు. అసలైన మనిషి ఎక్కువగా క్లబ్బు నుంచే వస్తాడు.

చూడకుండానే కొంటానని, మనిషిని పంపుతానని, అడిగినదానికన్నా ఎక్కువ పంపాను మిగతాది తిరిగి ఇవ్వమని అనేవాళ్లతో మాట పెంచకు. డబ్బు నీ ఖాతాలో పడిందని నీ బ్యాంకు యాప్‌లో నువ్వే చూసుకో, వాళ్లు చూపించే తెరను నమ్మకు. అంతవరకు ట్రైలర్ గేటు తెరవవద్దు.

రసీదు రెండు ప్రతులు రాయి. "అసంపూర్తి ప్రాజెక్టు, రోడ్డు మీద నడపడానికి పనికిరాదు, ట్రైలర్ మీద తీసుకువెళ్తున్నారు" అన్న వాక్యం అందులో ఉండి తీరాలి, ఇద్దరి సంతకాలూ ఉండాలి. రోడ్డుకు పనికిరాని బండిని అమ్మడం ఇక్కడ నేరం, బాగుచేసేదాకా దాన్ని రోడ్డెక్కించరని నువ్వు నమ్మడానికి కారణం ఉంటే తప్ప. ఆ వాక్యం నీకు కవచం. లాగ్‌బుక్‌లో కొత్త యజమాని చీటీ అతనికిచ్చి, అమ్మిన సంగతి అదే రోజు వాహనాల రిజిస్ట్రేషన్ చూసే స్వాన్సీలోని డీవీఎల్‌ఏకు తెలియజేయి. నువ్వు చేసిన సోర్న్, అంటే బండిని రోడ్డు మీద నడపడం లేదన్న ప్రకటన, అతనికి చెల్లదని, కొత్తది అతనే చేసుకోవాలని గుర్తుచేయి.

చూడటానికి వచ్చినవాణ్ణి తొందరపెట్టకు. గ్యారేజిలో దీపం వేసి, సంచుల పెట్టె అతని ముందు పెట్టి, పక్కకు జరుగు. అడిగినదానికి జవాబు చెప్పు. తరువాత మూడు నెలలపాటు ఫోను చేసి ఏదైనా అడగవచ్చని నీ అంతట నువ్వే చెప్పు. అతని గ్యారేజిలో ఆ ఇంజిను మొదటిసారి మోగిన రోజు నీకు వీడియో పంపుతాడు. నా ఎస్కార్ట్ ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

వచ్చే శనివారం పదింటికల్లా మీ ఇంటి దగ్గర ఉంటాను. కంప్రెషన్ గేజి, జాక్, రెండు పెట్టెల సంచులు తెస్తాను. మీ అత్తయ్య పాపకు గౌను కుట్టింది, అదీ తెస్తాను. నేను వచ్చేలోపు ఆ లాగ్‌బుక్ మాత్రం దొరకాలి.

ఇట్లు,
మీ మామయ్య