‘స్టఫ్డ్ చైన్’ పెడతానంటున్నారు, ఏం మాంసం అది?

సందేహం: అన్నా, మాస్టర్స్ కోసం ఈ మధ్యే ఇంగ్లాండులోని లింకన్ వచ్చాను. మా ఓనరమ్మ ఆదివారం భోజనానికి పిలిచి, ‘స్టఫ్డ్ చైన్’ తెప్పిస్తానంది. నేను చికెన్, మటన్ తింటాను. పోర్క్, బీఫ్ తినను. గూగుల్ చేస్తే సైకిల్ చైన్లు వస్తున్నాయి. ఏం చెప్పమంటారు?

జవాబు: పోర్కే తమ్ముడూ. పంది వెన్నులో, రెండు భుజాల మధ్య ఉండే ముక్కని లింకన్‌షైర్ పాతతరం వాళ్ళు చైన్ (chine) అంటారు. మెడలో వేసుకునే చైన్ కాదుగానీ మెడ దగ్గరిదే, అలా గుర్తుపెట్టుకో.

దాన్ని ముందు ఉప్పులో ఊరబెడతారు. తర్వాత మనం గుత్తి వంకాయకి పెట్టినట్టు గాట్లు పెట్టి, తరిగిన పార్స్‌లీ ఆకు దట్టంగా కూరుతారు. గుడ్డలో బిగించి కట్టి, సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. పూర్తిగా చల్లారాకే కోస్తారు. గులాబీ రంగు మాంసం మధ్య పచ్చటి చారలు కనిపిస్తాయి. వెనిగర్ చల్లుకుని చల్లగానే తింటారు. వెనకటికి పొలం పనివాళ్ళని ఏడాదికి కుదుర్చుకునే మే నెల సంతలప్పుడు, పిల్లల బాప్తిస్మాలప్పుడు ఇది చేసుకునేవాళ్ళు. ఇప్పుడు చేసే షాపులు తగ్గిపోయాయి. నేను తింటాను, నాకు ఇష్టం కూడా. వెతికి తెప్పిస్తానందంటే ఆవిడ నిన్ను ఇంటిమనిషిలా చూస్తున్నట్టే.

అందుకే ఇవాళే చెప్పెయ్. పోర్క్, బీఫ్ తినను, చికెన్ అయినా కూరగాయలైనా ఫర్వాలేదు అంటే చాలు. మొహమాటపడి వెజిటేరియన్‌నని మాత్రం అనకు, వచ్చేవారం కిచెన్‌లో చికెన్ వండుతూ దొరికిపోతావు.

చైన్ అన్న మాట కనిపించిన ప్రతిచోటా భయపడక్కర్లేదు. లాంబ్ రాక్ (గొర్రె పక్కటెముకల ముక్క) మీద ‘చైన్డ్’ అని ఉంటే, కోయడానికి వీలుగా వెన్నెముకని వేరుచేశారని అర్థం. అది గొర్రె మాంసమే, హాయిగా తిను.

అసలు చిక్కు మిగతా పేర్లతో. మీ ఊళ్ళోనే దొరికే హాస్లెట్ చూడటానికి బ్రెడ్డు ముక్కలా ఉంటుంది. పోర్క్ ఖీమా, బ్రెడ్, సేజ్ ఆకు కలిపి బేక్ చేసింది అది. గామన్ అంటే ఊరబెట్టిన పంది వెనక తొడ. బాత్ చాప్ అంటే చెంప. బర్మింగ్‌హామ్ వైపు వెళ్తే ఫాగట్స్ అని ఉండలు పెడతారు, వాటిలో సాధారణంగా పంది కాలేయం ఉంటుంది. స్కాచ్ ఎగ్ అంటే గుడ్డే కదా అని కొనేవాళ్ళు చాలామంది. గుడ్డు చుట్టూ ఉండేది మామూలుగా పోర్కే. వీటిలో ఒక్క పేరులోనూ ‘పోర్క్’ అన్న మాట ఉండదు.

లేబుల్ మీద బోల్డ్ అక్షరాలు మాత్రమే చూసి వదిలెయ్యకు. ఇక్కడ చట్టప్రకారం ప్రత్యేకంగా చూపించాల్సిన అలర్జీ పదార్థాలు 14. ఆవాలు, నువ్వులు ఉన్నాయి, పోర్క్ లేదు. కాబట్టి లిస్టు మొత్తం చదవాలి. షాపులోనే ముందుగా ప్యాక్ చేసి పెట్టినవాటికి కూడా 2021 అక్టోబరు నుంచి పూర్తి లిస్టు తప్పనిసరి అయింది. అడిగాక కోసిచ్చేవాటికి అది అక్కర్లేదు, అక్కడ నోరు తెరిచి అడగడమే. హామ్ (ఊరబెట్టిన పంది తొడ మాంసం) కోసిన మిషన్ మీదే చికెన్ కూడా కోస్తారేమోనన్న పట్టింపు ఉంటే ఆ సంగతీ అడుగు. ముస్లింలు, యూదులు రోజూ అడిగేదే, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆదివారం ఇంకో సంగతి. రోస్ట్ పొటాటోలు, యార్క్‌షైర్ పుడ్డింగ్ (పిండి, గుడ్డు, పాలు కలిపి బేక్ చేసేది, స్వీట్ కాదు) చూడటానికి వెజ్‌లాగే ఉంటాయి. వాటిని పంది కొవ్వులోనో బీఫ్ కొవ్వులోనో చేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. నీ వరకు నూనెతో చేయమని ఆవిడకి ఇప్పుడే చెప్పు.